సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్: రోజుకొక్క సూది బలం, దాని హద్దులు

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము వయల్‌ను (చిన్న మందు సీసాను) చేతిలోకి తీసుకుంటే అడుగున కాస్త పొడి తప్ప మరేమీ కనిపించదు. ఆ పొడి రంగు తెలుపు నుంచి పసుపు వరకు ఉంటుంది. రబ్బరు మూత గుండా పది మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ ఎక్కించి, వయల్‌ను అరచేతుల మధ్య దొర్లిస్తే పొడి కరిగి ద్రావణం లేత పసుపుకు తిరుగుతుంది. కాసేపు అలాగే ఉంచితే ఆ పసుపు ఇంకొంత ముదురుతుంది. వార్డులో కొత్తగా చేరిన నర్సులు ఈ రంగును చూసి మందు పాడైందేమోనని అడుగుతూ ఉంటారు. గాఢతను బట్టి, కలిపిన ద్రవాన్ని బట్టి, కలిపి ఎంతసేపయిందన్న దాన్ని బట్టి రంగు మారడం ఈ మందుకు సహజమే. తేలే రేణువులు గానీ, పాలు కలిపినట్టుండే మసక గానీ కనిపిస్తే మాత్రం ఆ వయల్‌ను వాడకూడదు. జనరల్ మెడిసిన్ వార్డులో ఏళ్ల తరబడి ఈ మందును రాస్తూ, అది నిలబెట్టిన రోగులను చూసి సంతోషించి, అది పనిచేయని చోట తల పట్టుకున్న వైద్యుడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. సూది ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌లలో నేను ఎక్కువగా నమ్మేది దీన్నే. అక్కర లేని చోట ఎక్కువగా వాడగా చూసిందీ దీన్నే. రెండింటికీ కారణం ఒకటే: ఇది వాడడానికి మరీ తేలిక.

ఈ మందు పుట్టిన సెఫలోస్పోరిన్ల కుటుంబపు చరిత్ర మురుగునీటి దగ్గర మొదలైంది. 1945లో ఇటలీ శాస్త్రవేత్త జుసెప్పె బ్రోత్జు, సార్డీనియా దీవిలోని కాల్యారి నగరంలో మురుగు సముద్రంలో కలిసే చోట ఒక బూజును సేకరించి, అది విడుదల చేసే పదార్థం టైఫాయిడ్ బాక్టీరియాతో సహా పలు సూక్ష్మజీవులను అణచగలదని గమనించాడు. ఆ బూజు నుంచి 1950ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఏబ్రహాం, గై న్యూటన్ సెఫలోస్పోరిన్ సి అనే పదార్థాన్ని వేరుచేశారు. దాని మూల నిర్మాణానికి రకరకాల రసాయన కొసలు తగిలించుకుంటూ పోగా ఒక తరం తర్వాత మరో తరం మందులు పుట్టాయి. మూడో తరానికి చెందిన సెఫ్ట్రియాక్సోన్‌ను స్విట్జర్లాండ్‌కు చెందిన రోష్ సంస్థ రూపొందించి రోసెఫిన్ పేరుతో 1982లో వాడుకలోకి తెచ్చింది; అమెరికాలో దానికి 1984లో అనుమతి లభించింది. పేటెంటు గడువు ఎప్పుడో ముగియడంతో ఇప్పుడు ఎన్నో కంపెనీలు దీన్ని తయారుచేస్తున్నాయి. బ్రోత్జు బూజు మొదట ఆశ చూపించిన టైఫాయిడ్‌కే ఇప్పటికీ ఈ కుటుంబపు మందును ఎక్కిస్తూ ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఇది బాక్టీరియా కణకవచాన్ని అల్లే ఎంజైములకు అతుక్కుని ఆ అల్లికను ఆపేస్తుంది. కవచం నిలవని బాక్టీరియా పగిలి చనిపోతుంది. పెన్సిలిన్ చేసే పని కూడా ఇదే కాబట్టి ఇందులో కొత్తదనం లేదు. సెఫ్ట్రియాక్సోన్ ప్రత్యేకత అంతా అది శరీరంలో నిలిచే తీరులో ఉంది. ఈ తరగతి మందులు ఎంత ఎక్కువ మోతాదులో ఉన్నాయన్నదాని కంటే, బాక్టీరియాను అణచడానికి చాలినంత స్థాయిలో ఎంతసేపు ఉన్నాయన్నదే ముఖ్యం. పెన్సిలిన్ జి రక్తంలో సగానికి తగ్గడానికి గంట కూడా పట్టదు కనుక దాన్ని నాలుగైదు గంటలకోసారి ఎక్కించాల్సి వస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ సుమారు 85 నుంచి 95 శాతం వరకు రక్తంలోని ప్రోటీన్లకు అంటిపెట్టుకుని మెల్లగా విడివడుతుంది. పెద్దవారిలో దాని స్థాయి సగానికి రావడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. అందుకే చాలా జబ్బులకు రోజుకు ఒక్కసారి ఒకటి లేదా రెండు గ్రాములు ఇస్తే సరిపోతుంది. రాత్రి రెండు గంటలకు రోగిని లేపి సూది వేయాల్సిన అవసరం ఉండదు; ఇంటి నుంచి రోజూ వచ్చి ఇంజెక్షన్ చేయించుకుని వెళ్లడానికీ వీలుంటుంది. మందులో కొంత భాగం మూత్రంలోనూ, మిగతాది పైత్యరసంలోనూ బయటికి పోతుంది కాబట్టి, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికైనా సాధారణంగా మోతాదు తగ్గించనక్కర లేదు. మూత్రపిండాలు, కాలేయం రెండూ బాగా దెబ్బతిన్నప్పుడు మాత్రం రోజుకు రెండు గ్రాములు దాటకుండా చూసుకోవాలి.

ఈ మందు అసలు విలువ తెలిసేది మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) రోగి వచ్చిన రాత్రి. జ్వరం, వాంతులు, బిగుసుకుపోయిన మెడ, వెలుతురు చూడలేని కళ్లు, మాటలో తడబాటు ఉన్న మనిషిని చూసినప్పుడు, ఏ సూక్ష్మజీవి కారణమో తేలేదాకా ఆగే వ్యవధి ఉండదు. రక్తాన్ని కల్చర్‌కు (అందులోని బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు) తీసుకుని, వెన్నులోంచి నీరు తీసి చూసే నడుము నీటి పరీక్ష ఆలస్యమయ్యేటట్టుంటే దాని కోసం ఆగకుండా, గంటలోపు మొదటి మోతాదు రక్తంలోకి వెళ్లిపోవాలి. పెద్దవారికి పన్నెండు గంటలకోసారి రెండు గ్రాములు, పిల్లలకు రోజుకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల చొప్పున, అదీ నాలుగు గ్రాములు మించకుండా ఇస్తారు. మామూలుగా మెదడు పొరలను దాటి పోలేని మందు ఆ పొరలు వాచినప్పుడు చాలినంతగా లోపలికి చేరుతుంది. ఈ జబ్బుకు రోజుకొక్క సూది సూత్రాన్ని పక్కన పెట్టి రెట్టింపు మోతాదు ఇవ్వడానికి కారణం ఆ చేరిక పూర్తిగా ఉండకపోవడమే. న్యూమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే మూడు ప్రధాన బాక్టీరియా శత్రువులపైనా ఇది బాగా పనిచేస్తుంది. అయితే ఒంటరిగా దీన్నే నమ్ముకోవడం తప్పు. న్యూమోకాకస్ నిరోధకత సంతరించుకున్న చోట వ్యాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ జోడించాలి. యాభై దాటినవారిలో, గర్భిణుల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో లిస్టీరియా అనే బాక్టీరియా కూడా మెనింజైటిస్ తెస్తుంది. దాని మీద సెఫ్ట్రియాక్సోన్‌కు ఏ మాత్రం పట్టు లేదు కాబట్టి యాంపిసిలిన్ తప్పనిసరిగా కలపాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఇవ్వాలనుకుంటే దాన్ని మొదటి మోతాదుకు కాస్త ముందో, దాంతోపాటో ఇవ్వాలి.

టైఫాయిడ్ దగ్గర ఈ మందు వైద్యుడి ఓపికను పరీక్షిస్తుంది. రోజుకు రెండు గ్రాముల చొప్పున మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రం కూడా చార్టులో 103 డిగ్రీలు కనిపిస్తే, పడక పక్కన కూర్చున్న తల్లి, "మందు పనిచేయట్లేదు కదండీ, మార్చండి" అని అడగడం సహజం. నేనొకసారి పద్దెనిమిదేళ్ల కుర్రవాడి విషయంలో ఆ ఒత్తిడికి లొంగి మరో మందు కలపబోయి, కల్చర్ నివేదికను రెండోసారి చదివి ఆగిపోయాను. అందులో బాక్టీరియా సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగుతుందనే స్పష్టంగా ఉంది. నాకు భరోసా ఇచ్చిన గుర్తు ఇంకొకటుంది: జ్వరం తగ్గకపోయినా కుర్రవాడు మూడో రోజున ఆకలవుతోందని అడిగాడు. ఆరో రోజు తెల్లవారుజామున అతని దుప్పటి చెమటతో తడిసి ఉంది, జ్వరం మళ్లీ రాలేదు. ఈ ఆలస్యానికి కారణం ఉంది. టైఫాయిడ్ బాక్టీరియా మన తెల్లకణాల లోపలే దాక్కుని బతుకుతుంది. సెఫ్ట్రియాక్సోన్ కణాల లోపలికి అంతగా చొరబడలేదు. అందుకే జ్వరం దిగడానికి ఐదు రోజులు, కొన్నిసార్లు అంతకు మించి పట్టినా, లొంగే బాక్టీరియా అయితే మందు మార్చనక్కర లేదు. పది నుంచి పద్నాలుగు రోజులు పూర్తి చేయాలి. ముందే ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. జ్వరం తగ్గిన తర్వాత మరీ బలహీనంగా లేని రోగిని, కల్చర్ అనుమతిస్తే, నోటి మందుకు మార్చడమూ మంచి పద్ధతే.

ఈ భరోసా అన్ని చోట్లా చెల్లదు. 2016 నుంచి పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ వ్యాపించింది. ఆ బాక్టీరియా పాత మందులకూ, సిప్రోఫ్లాక్ససిన్‌కూ అప్పటికే నిరోధకత సంపాదించుకుని, దానికి తోడు సెఫ్ట్రియాక్సోన్‌ను నరికేసే ఎంజైము జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం రూపంలో మరో బాక్టీరియా నుంచి అందుకుంది. అక్కడి రోగులకు, అక్కడికి వెళ్లివచ్చినవారికి మిగిలిన దారి అజిత్రోమైసిన్, లేదా మెరోపెనెమ్ వంటి మందు మాత్రమే. కాబట్టి టైఫాయిడ్ అనుమానం రాగానే రోగి ఇటీవల ఎక్కడెక్కడికి వెళ్లాడో అడగాలి.

మిగతా వాడకాలను త్వరగా చెబుతాను. ఆసుపత్రిలో చేర్చాల్సిన న్యుమోనియాకు ఇది మొదటి వరుస మందు, కానీ మైకోప్లాస్మా, లెజియొనెల్లా వంటి బాక్టీరియాకు కణకవచమే లేకనో, అవి కణాల లోపల దాక్కోవడం వల్లనో ఇది పనిచేయదు కాబట్టి అజిత్రోమైసిన్‌నో, డాక్సీసైక్లిన్‌నో జోడిస్తారు. మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌కు, కల్చర్ వచ్చేదాకా, ఇది చక్కగా సరిపోతుంది. కడుపులోని ఇన్ఫెక్షన్లకు మెట్రోనిడజోల్ తోడు కావాలి. కాలేయం గట్టిపడి రక్తపు వాంతులతో వచ్చినవారికి రోజుకు ఒక గ్రాము చొప్పున ఏడు రోజుల దాకా ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. గుండె కవాటాలపై కొన్ని స్ట్రెప్టోకాకస్ రకాలు చేరినప్పుడు రోజుకు రెండు గ్రాముల చొప్పున నాలుగు వారాలు ఇస్తారు, రోజుకొక్క సూది సౌకర్యం అక్కడ రోగికి నిజంగా వరమే. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే రక్షణ మోతాదుకు చాలా సందర్భాల్లో మొదటి తరానికి చెందిన సెఫజోలిన్ చాలు. అలవాటు కొద్దీ సెఫ్ట్రియాక్సోన్ వేయడాన్ని నేను మెచ్చుకోను.

లైంగిక సంపర్కం వల్ల అంటుకునే గనేరియా కథ కాస్త విడిగా చెప్పాలి. సల్ఫా మందులు, పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్ససిన్ ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేశాక, నమ్మదగిన మందుగా చాలాకాలం ఇదొక్కటే మిగిలింది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2020 చివర్లో మోతాదును 250 నుంచి 500 మిల్లీగ్రాములకు పెంచింది. 150 కిలోలు, అంతకు మించి బరువున్నవారికి ఒక గ్రాము ఇవ్వాలంది. కండరంలోకి ఒక్క సూది, చికిత్స అక్కడితో సరి. రెండోసారి రోగి వస్తాడో రాడో తెలియని జబ్బుకు ఇంతకంటే అనువైన మందు ఉండదు. కానీ 2009లో జపాన్‌లోని క్యోటోలో గొంతు ఇన్ఫెక్షన్ నుంచి తీసిన ఒక గనోకాకస్ (గనేరియా బాక్టీరియా) దీనికి బాగా నిరోధకత చూపింది. ఆ తర్వాత మరికొన్ని దేశాల్లోనూ అలాంటివి బయటపడ్డాయి.

ఇక లోపాలు. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ, సూడోమోనాస్, ఎంటరోకాకస్, ఈ మూడు బాక్టీరియాలూ దీని పరిధిలో లేవు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములను తయారుచేసే ఈకోలై, క్లెబ్సియెల్లా బాక్టీరియాల నుంచి వస్తోంది. మూడో తరం సెఫలోస్పోరిన్లను విరగ్గొట్టడమే ఆ ఎంజైముల పని. రక్తంలో అలాంటి బాక్టీరియా చేరినవారిపై జరిగి 2018లో ప్రచురితమైన మెరినో అధ్యయనంలో మెరోపెనెమ్ తీసుకున్నవారిలో ముప్పై రోజుల్లో మరణాలు 3.7 శాతం కాగా, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్ తీసుకున్నవారిలో 12.3 శాతంగా తేలాయి. అంటే సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని బాక్టీరియా దొరికిందంటే రోగిని కాపాడుకునే దారులు ఒక్కసారిగా ఇరుకైపోతాయి. ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో ఉంచుతూనే, జాగ్రత్తగా కాపు కాయాల్సిన వాచ్ వర్గంలో చేర్చింది.

ఆ కాపలా ఎక్కడ సడలుతుందో నేను పదే పదే చూశాను. జ్వరమొచ్చిన మనిషికి కారణం వెతకకముందే రోజుకొక గ్రాము ఎక్కించడం చాలా చోట్ల మామూలైపోయింది. వైరస్ జ్వరం ఎలాగూ నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. ఆ తగ్గుదల ఖాతా సూదికి పడుతుంది. మరుసటి జ్వరానికి రోగే వచ్చి ఆ సూదిని అడుగుతాడు. నష్టం అక్కడితో ఆగదు. మూడు వారాలుగా జ్వరంతో బాధపడుతున్న ఒక మధ్యవయస్కుడు మా వార్డుకు వచ్చేసరికి వేరే చోట రెండు విడతలుగా ఈ సూది చేయించుకుని ఉన్నాడు. గుండెలో కొత్త శబ్దం వినిపించింది, ఎకోలో (గుండె స్కానులో) కవాటం మీద చిన్న గడ్డ ఊగుతూ కనిపించింది, కానీ మూడుసార్లు తీసిన రక్తం కల్చర్‌లో ఏమీ పెరగలేదు. బాక్టీరియాను పూర్తిగా చంపలేకపోయినా, కల్చర్‌లో పెరగకుండా ఆపేటంత మందు మాత్రం లోపల ఉంది. ఏ సూక్ష్మజీవో తెలియకుండానే అతనికి నాలుగు వారాలకు పైగా రెండు మందులు ఊహ మీద ఎక్కించాల్సి వచ్చింది. మొదటి సూదికి ముందు ఐదు నిమిషాలు కేటాయించి రక్తం తీసి ఉంటే, రెండో మందు వల్ల వచ్చిన మూత్రపిండాల చిక్కు అతనికి తప్పి ఉండేదని నా నమ్మకం.

వాడే పద్ధతిలో రెండు విషయాల దగ్గర ఏమరుపాటు పనికిరాదు. కండరంలోకి ఇచ్చేటప్పుడు ఈ మందు బాగా నొప్పి పుట్టిస్తుంది. ఉత్త స్టెరైల్ వాటర్‌తో కలిపి పిరుదులోకి ఇస్తే మనిషి ఆ పూటంతా కుంటుతాడు. అందుకే తిమ్మిరెక్కించే మందైన ఒక శాతం లిడోకైన్‌తో కలుపుతారు. కానీ లిడోకైన్ కలిపిన మందును రక్తనాళంలోకి ఎక్కిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కండరానికి కలిపిన సిరంజి, నాళానికి కలిపిన సిరంజి ఒకే ట్రేలో పక్కపక్కనే ఉండకూడదు. నాళంలోకి నేరుగా ఇచ్చేటప్పుడు రెండు నుంచి నాలుగు నిమిషాలు తీసుకోవాలి. రెండు గ్రాముల మోతాదునైతే అరగంట పాటు డ్రిప్‌గా ఇవ్వడమే నాకు ఇష్టం.

రెండోది కాల్షియం. సెఫ్ట్రియాక్సోన్, కాల్షియం కలిస్తే కరగని తెల్లటి పదార్థంగా పేరుకుపోతాయి. రక్తనాళంలో పెట్టిన కాన్యులాకు తగిలించిన పొడిగింపు గొట్టంలో ఇది జరగడం నేను కళ్లారా చూశాను: కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చిన వెంటనే, మధ్యలో సెలైన్‌తో కడగకుండా, అదే గొట్టంలోకి ఈ మందు నెట్టగానే లోపల సన్నని తెల్లపొగ లాంటి చార తేలి, కొన్ని క్షణాల్లో పిండిలా చిక్కబడింది. నర్సు వెంటనే బిగింపు వేసి గొట్టం విప్పేసింది కాబట్టి ఆ పదార్థం రోగిలోకి పోలేదు. డ్రిప్‌గా ఎక్కించే రింగర్స్ లాక్టేట్ ద్రవంలోనూ కాల్షియం ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ ద్రవంతో ఈ పొడిని కలపకూడదు, ఒకే గొట్టంలో ఏకకాలంలో ఎక్కించకూడదు. పెద్దవారికి ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో గొట్టం పూర్తిగా కడిగి ఇవ్వవచ్చు. ఇరవై ఎనిమిది రోజులలోపు పసికందులకు, నాళం ద్వారా కాల్షియం ఇస్తున్నా, ఇవ్వాల్సి వచ్చేలా ఉన్నా, ఈ మందు నిషిద్ధం; అలా కలిసి ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో పేరుకుని శిశువులు మరణించిన సందర్భాలు నమోదయ్యాయి. కామెర్లున్న పసిబిడ్డలకూ ఇది పనికిరాదు, ఎందుకంటే రక్తంలోని ఆల్బుమిన్‌కు అంటుకున్న బిలిరుబిన్‌ను (కామెర్లు తెచ్చే పసుపు పదార్థాన్ని) ఇది తోసేస్తుంది, విడుదలైన బిలిరుబిన్ మెదడును దెబ్బతీయగలదు. ఆ వయసు పిల్లలకు సెఫొటాక్సిమ్ మేలు.

పైత్యరసంలోకి పోయే గుణమే ఇంకో వింత తెస్తుంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడినప్పుడు, ముఖ్యంగా పిల్లల్లో, మందు కాల్షియంతో కలిసి పిత్తాశయంలో మడ్డిలా పేరుకుంటుంది. స్కానులో అది రాళ్లలాగే కనిపిస్తుంది. కడుపునొప్పితో స్కాను తీయించుకున్న పిల్లవాడికి ఆపరేషన్ తేదీ రాసే ముందు, ఇటీవల ఈ సూది పడిందేమో అడగాలి. మందు ఆపితే కొన్ని వారాల్లో ఆ మడ్డి చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. విరేచనాలు మామూలే, కానీ మందు ఆగిన వారాల తర్వాత కూడా క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే పేగు బాక్టీరియా వల్ల తీవ్రమైన విరేచనాలు రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో రక్తం పలచబడే తీరు మారుతుంది కాబట్టి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూస్తూ ఉండాలి. అరుదే కానీ భయపెట్టేది ఎర్రకణాల విధ్వంసం: గతంలో ఈ మందు తీసుకున్నవారిలో, ముఖ్యంగా సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లో, సూది పడిన కొద్ది నిమిషాలకో గంటలకో రోగి ఒక్కసారిగా పాలిపోయి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే మందును వెంటనే ఆపేయాలి, ఆ రోగికి మళ్లీ ఎన్నడూ ఇవ్వకూడదు.

అలర్జీ గురించి మాట వచ్చినప్పుడల్లా వార్డులో రెండు రకాల అతి కనిపిస్తుంది. పెన్సిలిన్‌కు ఎప్పుడో దద్దురు వచ్చిందని చెప్పగానే సెఫ్ట్రియాక్సోన్‌ను పూర్తిగా కొట్టేయడం ఒకటి. ఈ రెండింటి మధ్య అలర్జీ పోలిక ఒకప్పుడు అనుకున్నంత లేదు. పోలిక ప్రధానంగా అణువుకు తగిలించిన పక్క కొసను బట్టి ఉంటుంది, పెన్సిలిన్‌ల కొసలకూ దీని కొసకూ సామ్యం లేదు. సెఫొటాక్సిమ్, సెఫిపైమ్ కొసలు దీనికి దగ్గరివి కాబట్టి వాటికి తీవ్రంగా స్పందించినవారి విషయంలోనే నిజంగా జాగ్రత్తపడాలి. రెండో అతి, ఏ అలర్జీ చరిత్రా లేని ప్రతి రోగికీ ముంజేతి చర్మంలో చుక్క మందు వేసి చూసే టెస్ట్ డోస్. చిన్న బుడగ లేవలేదని ఊపిరి పీల్చుకుని, సిరంజిలో మిగిలిన మందంతా గబగబా ఎక్కించి పక్క మంచానికి వెళ్లిపోవడం చూశాను. చరిత్ర లేనివారిలో ఆ పరీక్ష ఎవరికి అలర్జీ వస్తుందో ముందుగా చెప్పలేదు. నేను ఆ పరీక్ష రాయను. గతంలో ఏ మందుకు ఏమైందో రోగినీ, వెంట ఉన్నవారినీ విడివిడిగా అడుగుతాను, మొదటి మోతాదు పూర్తయ్యాక అరగంట పాటు మంచం దగ్గర ఒకరిని ఉండమంటాను, తీవ్ర అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి ఎక్కడున్నాయో వారి చేత చూపించుకుంటాను.